అమీనా బీ వాల్తేరుకు మోసుకెళ్ళిన రాళ్ళు

“నీళ్ళు చల్లమని నీకు ఎవడు చెప్పాడయ్యా?”

“రూలు చెప్పింది. తొందరగా చెడిపోయే సరుకని నువ్వే గదా రాయించావు. చెడిపోయే సరుకు మీద పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లాల. తమలపాకుల కట్టలకి చల్లటంలా?”

“సున్నమూ తమలపాకూ ఒకటేనా?”

“నోట్లోకి పోయేటప్పుడు ఒకటే గదా.”

మా ఊరి స్టేషన్లో, పార్శిలు గది కిటికీ కింద బల్ల మీద పడుకుని ఈ పోట్లాట విన్నాను. పడుకుని అన్నాను గాని, అప్పటికే లేచి కూర్చున్నాను. అంతకు ఒక్క నిమిషం ముందు ఆ గదిలో ఢామ్మని చప్పుడై, కిటికీలోంచి తెల్లటి ఆవిరి నా నెత్తి మీదుగా పోయింది. ఎవరైనా లేస్తారు.

మా ఊరు గురజాలకి ఐదారు మైళ్ళు. మాచర్ల వెళ్ళే చిన్న రైలు మా దగ్గర ఆగుతుంది, బుద్ధి పుడితే. పార్శిలు గుమాస్తా పేరు యల్లమంద. ఆయనకి రెండే రెండు భయాలు, రూలు పుస్తకమూ పెద్దల్లుడూ. పోట్లాడుతున్నావిడ అమీనా బీ, మా ఊళ్ళో సున్నపు బట్టీ ఆమెది. కాల్చిన రాతి సున్నాన్ని, ఒక్క చుక్క తడి తగలనిదాన్ని, ఒక కుండలో పెట్టి మూతికి మైనం పూసి, గోనె చుట్టి, వాల్తేరులో ఒక లెక్చరరుకి పంపమని ముందు రోజు అప్పగించి పోయింది. పోయేటప్పుడు, జాగ్రత్తయ్యా, ఇది తొందరగా పాడైపోద్ది అని కూడా చెప్పింది. అదే కొంప ముంచింది. ఆ రోజు బండిలో చోటు లేదు. కుండ ఆగిపోయింది. యల్లమంద పుస్తకం తిప్పి చూసి, తొందరగా పాడైపోయే సరుకుల కింద ఏం రాసి ఉందో అది చేశాడు. ఆ సాయంత్రం ఒక చెంబు, మర్నాడు పొద్దున ఇంకో చెంబు. కుండ వెళ్ళిందో లేదో కనుక్కుందామని అమీనా బీ గుమ్మంలో కాలు పెట్టేటప్పటికి అది పేలింది.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. యల్లమంద మీసాలూ కనుబొమలూ రిజిస్టరూ ఒకే రంగుకి వచ్చాయి. మూల బుట్టలో గుంటూరు వెళ్ళాల్సిన నల్లకోళ్ళు మూడు తెల్లకోళ్ళై కూర్చున్నాయి. కాయితంలో ‘నల్లవి, మూడు’ అని రాసి ఉంది. యల్లమంద అసలు బాధ అది.

అమీనా బీ మాత్రం తిట్టటం మధ్యలో ఆపేసింది. నేల మీద చెల్లాచెదురుగా పడిన సున్నం ఇంకా బుసబుసలాడుతోంది. ఆమె గొంతుక్కూర్చుని, ఎడమ చెవి దాని వైపు వంచి, కుడి చెవి అరచేత్తో మూసుకుని కాసేపు అట్లా ఉండిపోయింది.

“చూడయ్యా, చచ్చిపోతా గూడ ఎట్టా పలుకుతుందో. బంగారం లాంటి సున్నమయ్యా ఇది,” అంది. తర్వాత యల్లమంద మొహం చూసి పకపకా నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. ఆవిరికో, నవ్వుకో, మరెందుకో నాకు తెలియలేదు. మిల్లు వాళ్ళు ఇచ్చిన గడువులో అప్పటికి పన్నెండు రోజులే మిగిలి ఉన్నాయి.

ఆ గడువు సంగతి తెలియాలంటే ముందు ఆమె చెవి సంగతి చెప్పాలి.

అమీనా బీకి అప్పుడు యాభై ఉంటాయి. పొడుగు మనిషి. మోచేతుల దాకా చర్మం ఎండిన చెరువులాగా పగిలి తెల్లగా ఉంటుంది. భర్త జమాల్ పాతికేళ్ళు బట్టీ కాల్చాడు. కాల్చటం ఆయన పని, వినటం ఆమె పని. బట్టీ చల్లారాక పైనుంచి ఒకటి, మధ్యనుంచి ఒకటి, అడుగునుంచి ఒకటి కాలిన రాళ్ళు తీసి ఇనప బాండీలో వేస్తుంది. ఒక ముంత నీళ్ళు పోస్తుంది. కళ్ళు మూసుకుని, చెవి వంచి లెక్క పెడుతుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే, లెక్క మాత్రం ఉర్దూలోనే. ఏక్, దో, తీన్. నీళ్ళు పడగానే సున్నం కాసేపు ఏమీ అనదు. దాన్ని ఆమె ఊపిరి పట్టటం అంటుంది. తర్వాత సన్నగా ఈల వేస్తుంది. ఆ తర్వాత రాయి చిట్లి, పొగలు కక్కుతూ, గలగలలాడుతూ విచ్చుకుంటుంది. అది నవ్వటం. పదిహేను లోపల నవ్వితే మేలైన సున్నం. ముప్ఫై దాటి నవ్వితే గోడలకి వెల్ల వేయటానికి. అసలు నవ్వకపోతే గుంటలు పూడ్చుకోవటానికి. ఇటు దుర్గి నుంచి అటు వెల్దుర్తి దాకా తాపీ మేస్త్రీలు ఆమె సున్నం కొనేటప్పుడు, ఎంతకు నవ్వింది అని అడిగాకే ధర అడుగుతారు.

జమాల్ పోయాక బట్టీ కూడా ఆమె చేతికే వచ్చింది. ఆడది బట్టీ ఏం కాలుస్తుందని మరిది కాలేషా ఊరంతా చెప్పుకొచ్చాడు. ఆమె కాల్చింది. అతను ఇప్పటికీ అదే చెబుతున్నాడు.

యుద్ధంలో విశాఖపట్నం మీద బాంబులు పడ్డాక అక్కడి యూనివర్సిటీని గుంటూరుకు మార్చారు. సిమెంటంతా మిలిటరీకి పోయింది. మామూలు జనం ఇల్లు కట్టుకోవాలంటే సున్నమే దిక్కయింది. అట్లాంటి రోజుల్లో ఒక శనివారం మధ్యాహ్నం బండి దిగాడు ఆరోగ్యస్వామి గారు. కెమిస్ట్రీ లెక్చరరు, స్వస్థలం ఫిరంగిపురం. సన్నగా, గొడుగు పక్కన నిలబడితే ఏది గొడుగో చెప్పలేనట్టు ఉంటాడు. పల్నాటి సున్నపురాయి మీద ఏదో పరిశోధన చేస్తున్నాడు. సున్నం మంచిదో కాదో ఎట్లా తెలుసుకుంటారమ్మా అని అడిగాడు. ఇంటాను అంది ఆమె. ఆయన నవ్వాడు. ఆమె ఆయన మెడ పట్టుకుని బాండీ మీదికి వంచింది.

ఆ రోజు సున్నం పన్నెండుకి నవ్వింది. ఆయన అందులో ముక్కలు కొన్ని బిగుతు మూత ఉన్న గాజు సీసాలో వేసుకుని, సీసా ఒళ్ళో పెట్టుకుని గుంటూరు వెళ్ళి పరీక్ష చేసుకున్నాడు. రెండు వారాలకి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ సీసా. ఇట్లా పంతొమ్మిది బట్టీలు. పంతొమ్మిది సార్లూ ఆమె చెవి చెప్పిన వరసా, ఆయన గాజు గొట్టాలు చెప్పిన వరసా ఒకటే. పంతొమ్మిదోసారి ఆయన నవ్వలేదు. జేబులోంచి నొక్కితే ఆగే గడియారం తీసి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

గుంటూరు మా ఊరికి అరవై మైళ్ళు. పొద్దున బండెక్కితే మధ్యాహ్నం జొన్నరొట్టె వేళకి బట్టీ దగ్గర ఉంటాడు. ఇద్దరూ తగవులాడుకునేవాళ్ళు. రాళ్ళన్నీ పిడికిలంత సైజుకి కొట్టించమ్మా, పెద్దవాటి నడిమి కాలటం లేదు అని ఆయన. మా మామ నాటి నుంచీ ఇట్టాగే కొడతన్నాం అని ఆమె. ఒక బట్టీ ఆయన చెప్పినట్టు కొట్టించింది. మూడో వంతు కట్టెలు మిగిలాయి. ఆ సంగతి ఆయనకి చెప్పటానికి ఆమెకి రెండు నెలలు పట్టింది. పడమటి గాలి లేస్తే పై వరస కాలదు సారూ, ఆ రోజు రాయి తీసుకెళ్ళి నన్ను తప్పు పట్టమాకండి అని ఆమె. ఆయన అది నోటు పుస్తకంలో రాసుకున్నాడు. గాలి గురించి ఏ పుస్తకంలోనూ లేదట.

ఆయన చదువుకున్నప్పటి స్నేహితుడు ఒకడు కృష్ణా జిల్లాలో పంచదార మిల్లులో పనిచేస్తున్నాడు. చెరకు రసం తేట పడటానికి సున్నం కావాలి, అదీ మేలైన సున్నం. ఆరోగ్యస్వామి గారు మాట చెప్పాడు. మిల్లు ఒప్పుకుంది. ఒకటే షరతు, మూడు నెలలకోసారి యూనివర్సిటీ నుంచి కాయితం రావాలి. అరవై మైళ్ళ దూరంలో ఉన్నంతకాలం అదొక షరతని ఎవరికీ అనిపించలేదు. ఆయన వచ్చేవాడు, తినేవాడు, సీసా నింపుకుని పోయేవాడు, కాయితం పంపేవాడు. అమీనా బీ బట్టీలో నలుగురు ఉండేచోట పదకొండుమంది అయ్యారు. వాళ్ళలో పెద్దదైన అలివేలమ్మ కొత్త చీర కట్టుకుని బట్టీకి రావటం మొదలుపెట్టింది. సున్నంలో కొత్త చీరేందే అని అమీనా బీ తిడితే, నాకు తెల్లచీరలే ఇష్టం అందట.

నలభై ఆరులో యూనివర్సిటీ సామాను సర్దుకుని వాల్తేరు వెళ్ళిపోయింది.

ఆరోగ్యస్వామి గారు వీడ్కోలుకి వచ్చి రెండు గాజు సీసాలు ఇచ్చి పోయాడు. సున్నం వీటిలోనే పంపమ్మా, గాలి సోకితే అది సగం చచ్చిపోతుంది అన్నాడు. మొదటి సీసా బెజవాడలో బండి మారేటప్పుడు పగిలింది. లోపలి సున్నాన్ని ఎవరో పుణ్యాత్ముడు గోనెలోకి ఎత్తి పంపాడు, తొమ్మిదో రోజుకి చేరింది. రెండో సీసా పంపుదామంటే అందులో అప్పటికే ఆవకాయ ఉంది. దానికి నేను ఆమెని తప్పు పట్టను. అంత బిగువైన మూత మా ఊళ్ళో ఎవరి ఆవకాయకీ లేదు. సీసా ఖాళీ చేసి ఏడుసార్లు కడిగింది గాని, వాసన పోలేదు. ఆవకాయ వాసనొచ్చే సున్నం సారుకి పంపటమా అని తనే మానేసింది.

గోనెలో చేరిన సున్నానికి ఆరోగ్యస్వామి గారి దగ్గర్నుంచి రెండు కాయితాలు వచ్చాయి. ఒకటి ఇంగ్లీషులో, ముద్రతో. ఈ నమూనా పనికిరాదు అని. రెండోది తెలుగులో, చేత్తో. ఆ రెండోది నేనే చదివి వినిపించాను. గుంటూరు కాలేజీలో బి.ఎ. మధ్యలో వదిలేసి వచ్చి అప్పటికి ఏడాది. వదలటానికి పెద్ద కారణమేమీ లేదు, కూర్చోబుద్ధి కాలేదు. అప్పటి నుంచి అమీనా బీ నన్ను పేరు పెట్టి పిలవదు. కాలేజీ అనే పిలుస్తుంది.

“అమ్మా, మీ సున్నం ఇది కాదని నాకు తెలుసు. కాని నా బల్ల మీద ఉన్నది ఇదే. బల్ల మీద ఉన్నదాన్నే నేను రాయాలి. నన్ను క్షమించండి,” అని ఉంది అందులో.

విని ఆమె ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టింది. సారు మంచోడు, అబద్ధం రాయలా అంది.

మిల్లు వాళ్ళు మంచోళ్ళేమీ కాదు. వచ్చే నెలాఖరు లోపల సరైన కాయితం రాకపోతే సున్నం ఇంకో చోట తీసుకుంటామని రాశారు. మిల్లు పోతే పదకొండుమంది మళ్ళీ నలుగురవుతారు, ఆ నలుగురికీ ఏడాది పొడుగునా పని ఉండదు, బట్టీ ఆరిపోతుంది. ఆరిన బట్టీని ఇటుకల బట్టీగా మార్చటానికి కాలేషా సిద్ధంగా ఉన్నాడు. ఉత్తరం సంగతి తెలిసిన రోజే వచ్చి, వదిన చూస్తుండగా ఆవరణంతా అడుగులేసుకుంటూ కొలిచి పోయాడు. నలభై రెండు అడుగులు. తప్పు లెక్క పెట్టావు, నలభై నాలుగు అని ఆమె వెనక నుంచి సరిదిద్దిందట.

ఆ తర్వాతదే కుండ. కుండ తర్వాతదే మీరు విన్న ఢామ్ము.

పార్శిలు గదిలో నవ్వటం అయ్యాక ఆమె ప్లాట్‌ఫారం అంచున కూర్చుంది. పట్టాల మధ్య కంకర వైపు చూస్తూ కూర్చుంది. యల్లమంద తడిగుడ్డతో కోళ్ళని తుడుస్తున్నాడు. ఉన్నట్టుండి ఆమె అటు తిరిగింది.

“అయ్యా, నీ పుస్తకంలో రాయి చెడిపోయే సరుకా?”

“రాయి ఎందుకు చెడిపోద్ది?”

“నీళ్ళు చల్లవు గదా?”

“రాయి మీద నీళ్ళు చల్లటానికి నాకేమన్నా పిచ్చా?”

నేనూ అమీనా బీ ఆయన తెల్లటి మీసాల వైపు చూశాం.

ఆమె లేచింది. సున్నమే గదా దారిలో చస్తంది, రాయి చావదు గదా, రాయే తీసుకెళ్ళి ఆడనే కాలుస్తా అంది. బట్టీ వాల్తేరు రాదు గదత్తా అన్నాను. చిన్నది కడితే అయిపాయె అంది, పిల్లలకి బొమ్మరిల్లు కట్టటం గురించి మాట్లాడినట్టు. నువ్వు గూడ రా కాలేజీ, ఇంగ్లీషు బోర్డులు చదవాలి గదా అంది. నాకు ఊళ్ళో ఉండబుద్ధి కావటం లేదు, వెళ్ళకపోవటానికి నాకేం రోగం.

రెండు గోనెల రాళ్ళు. పిడికిలంత సైజువి, ఒక్కొక్కటీ తానే ఏరింది. ఒక ఇనప బాండీ, ఒక ముంత. బట్టీ అలివేలమ్మకి అప్పగించింది. గుంటూరులో బండి మారాం, బెజవాడలో బండి మారాం. బెజవాడలో కూలీ గోనె ఎత్తబోయి దింపేశాడు, ఏముంది ఇందులో అన్నాడు. రాళ్ళు అంది. ఎందుకన్నాడు. కాలుస్తానికి అంది. అతను గోనె వదిలేసి ఇంకో బేరం చూసుకున్నాడు. ఆమె ఒకటి నెత్తిన పెట్టుకుంది, ఒకటి నా నెత్తిన పెట్టింది. పల్నాటి నుంచి రాళ్ళు తెచ్చారని పెట్టెలో ఎట్లాగో పొక్కింది. ఏలూరు దాటేసరికి ఒక ముసలమ్మ వచ్చి, వీరుల గుడి రాళ్ళా తల్లీ అని గోనెను ముట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. కాదని చెబుదామని నేను నోరు తెరిచాను. అమీనా బీ నా మోకాలు నొక్కింది.

“పెట్టుకోనీరా దణ్ణం. దాని వల్ల బరువేం పెరగదు గదా.”

సామర్లకోటలో ఒకాయన అరటిపళ్ళు కూడా ఇచ్చాడు, రాళ్ళకి. మేం తిన్నాం.

వాల్తేరులో దిగి, కొండ వాలున ఉన్న యూనివర్సిటీ దాకా జట్కాలో వెళ్ళాం. ఆరోగ్యస్వామి గారు వరండాలో నడుస్తూ వస్తున్నాడు. ఆమెనీ గోనెలనీ చూసి ఆగిపోయాడు. తర్వాత గొడుగు కింద పడేసి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒక లెక్చరరు పరిగెత్తటం నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. విషయం విని ఆయన ఇంకా సంతోషించాడు. చానా తేలికమ్మా, మా దగ్గర కరెంటు పొయ్యి ఉంది, రాళ్ళు అందులో పెడితే రెండు గంటల్లో సున్నం అన్నాడు.

అమీనా బీ ఆ పొయ్యి చుట్టూ తిరిగి చూసింది. బీరువాలాగా ఉంది. పొగ లేదు, గాలి లేదు.

“దీంట్లో కాలిస్తే అది కరెంటు సున్నం సారూ. మిల్లుకి నేను పంపేది నా సున్నం. నా మంట మీద కాలిందాన్నే మీరు చూసి రాయాల. కాదంటే మీ పొయ్యే పంపుకోండి మిల్లుకి.”

ఆరోగ్యస్వామి గారు ఆలోచించి, నిజమే అన్నాడు. ఆ మనిషిలో నాకు నచ్చింది ఇదే, నిజమనిపిస్తే వెంటనే నిజమే అనేస్తాడు. డిపార్టుమెంటు వెనక ఇసకలో చోటు చూపించాడు. ఇటుకలు తోటమాలి ఇచ్చాడు. తుమ్మ కట్టెలు దొరకలేదు, అంతా సరుగుడే. ఆమె ఒక ముక్క విరిచి వాసన చూసి, మెత్తటి మంట, ఇంకో జాము ఎక్కువ కాల్చాల అంది. మధ్యాహ్నానికి నా నడుమంత ఎత్తున ఒక బుల్లి బట్టీ లేచింది. నిప్పు పెట్టింది. సరుగుడు పచ్చిగా ఉందేమో, నల్లటి పొగ మేడ మీదుగా లేచి సముద్రం వైపు తిరిగింది. యుద్ధం నాటి నుంచీ అక్కడే ఉన్న ముసలి కాపలాదారు ఒకాయన ఆ పొగ చూసి, జపానోళ్ళు మళ్ళీ వచ్చార్రో అని కేకేసి బల్ల కిందికి దూరాడు. విద్యార్థులు క్లాసులు వదిలేసి వచ్చారు. ఏం చేస్తున్నారని ఎవరడిగినా ఆరోగ్యస్వామి గారు, పరిశోధన అని చెప్పాడు. అమీనా బీ వాళ్ళందరి చేతా కట్టెలు మోయించింది. సైన్సు చదివే పిల్లలు బాగానే మోస్తారు.

మర్నాడు పొద్దున బట్టీ విప్పాం. రాళ్ళు తెల్లగా, తేలిగ్గా ఉన్నాయి. పై వరస నుంచి ఒకటి, మధ్యనుంచి, అడుగునుంచి. బాండీలో వేసింది. నీళ్ళు పోసింది. ఎడమ చెవి వంచింది, కుడి చెవి మూసింది, కళ్ళు మూసింది. పాతికమందిమి ఊపిరి బిగబట్టాం. ఏక్, దో, తీన్.

పది దగ్గర ఆగిపోయింది. కళ్ళు తెరిచింది. ఆమె మొహంలో నేను అంతకు ముందెన్నడూ చూడని బెదురు.

“ఇనబడటంలా,” అంది.

అందరమూ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మళ్ళీ మూడు రాళ్ళు, మళ్ళీ నీళ్ళు. మళ్ళీ తల అడ్డంగా ఊపింది. మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత నేనూ విన్నాను. కొండ కింద సముద్రం. హోరు ఆగదు, ఒక్క క్షణం కూడా ఆగదు. అక్కడ ఉండేవాళ్ళకి అది ఇక వినిపించదు. పల్నాట్లో పుట్టిన చెవికి అది తప్ప ఇంకేమీ వినిపించదు.

“సారూ, ఆ నీళ్ళని కాసేపు ఆపమనండి,” అంది అమీనా బీ.

ఆమె వేళాకోళమాడలేదు. యూనివర్సిటీ అంటే ఏదైనా చేయగలదని ఆమె నమ్మకం. పిల్లలు నవ్వబోతే ఆరోగ్యస్వామి గారు వాళ్ళ వైపు చూసిన చూపుకి అందరూ నోళ్ళు మూశారు. గాజు గొట్టాలతో పరీక్ష తాను చేసుకోగలడు, ఆమె వినకపోయినా కాయితం రాయగలడు, ఆ మాట ఆమెకి చెప్పాడు కూడా. ఆమె ఒప్పుకోలేదు. నేను మంచిదని అనకుండా నా సున్నం ఏనాడూ బట్టీ దాటలా, మీరు రాసినా నేను పంపను అంది. నెలాఖరుకి మిగిలింది ఐదు రోజులు.

ఆయన అటూ ఇటూ నడిచాడు. రెండుసార్లు తల గోక్కున్నాడు. తర్వాత బాండీ దులిపి, పై వరసదీ నడిమిదీ అడుగుదీ ఇంకో మూడు రాళ్ళు ఆమె చేత వేయించి, ఎత్తుకుని, రండి అన్నాడు.

మేడ నడిమధ్యన ఒక గది ఉంది. కిటికీలు లేవు, తలుపు మీద తలుపు. లోపల గాజు పెట్టెల్లో సన్నటి త్రాసులు, వెంట్రుక బరువు కూడా తూచేవి. గట్టిగా మాట్లాడితే ముల్లు కదులుతుందని ఆ గదిలో ఎవరూ నోరు విప్పరట. నీళ్ళూ సున్నమూ అందులోకి తీసుకెళ్ళటం ఎంత మాత్రమూ కూడదట. ఆరోగ్యస్వామి గారు తలుపు మీద ఆ మాట రాసి ఉన్న అట్టను తిప్పి గోడకేసి పెట్టి మమ్మల్ని లోపలికి తోశాడు. రెండు తలుపులూ మూశాడు.

సముద్రం పోయింది. నా చెవుల్లో నా రక్తం నాకే వినిపించింది. అమీనా బీ ఆ నిశ్శబ్దాన్ని తల పక్కకి వంచి రుచి చూసినట్టు చూసింది.

“ఇట్టాంటి గది పెట్టుకుని నన్ను అంతసేపు ఇసకలో కూకోబెట్టారా సారూ,” అంది నెమ్మదిగా.

నీళ్ళు పోసింది. ఆరోగ్యస్వామి గారు గడియారం నొక్కాడు. ఏక్, దో, తీన్, చార్. ఏడు దగ్గర ఈల. గ్యారా, అంటే పదకొండు అన్నదో లేదో, ఆ చిన్న గదిలో సున్నం నవ్వింది. గలగలా, పకపకా. ఆవిరి మొహాలకి కొట్టింది. గాజు పెట్టెల్లో అన్ని ముళ్ళూ ఒక్కసారి ఊగాయి. ఆమె కళ్ళు మూసుకునే చెయ్యెత్తింది. అడుగు రాయి ఒకటి కొంచెం తక్కువ కాలింది సారూ, నడిమిది మాత్రం అద్దం అంది.

మధ్యాహ్నం గాజు గొట్టాల పరీక్షలో కూడా అదే వచ్చింది. అడుగు రాయిలో రవ్వంత పచ్చి, మిగతావి మేలైనవి. ఆరోగ్యస్వామి గారు కాయితం రాశాడు. ఇది తయారుచేసేవారు నా ఎదుట కాల్చగా పరీక్షించినది అని ఒక వాక్యం ఎక్కువ రాసి, ముద్ర వేసి, ఒక ప్రతి అప్పటికప్పుడే మిల్లుకి పంపించాడు. రెండో ప్రతి ఆమె చేతికిచ్చి, మళ్ళీ మూడు నెలలకి కదమ్మా అన్నాడు. ఆయన గొంతులో అది అడగటమో బతిమాలటమో తెలియలేదు. ఖాళీ గాజు సీసాలు నాలుగు ఆమెకి ఇచ్చాడు. వీటిలో ఆవకాయ పెట్టనులే సారూ అంది. నిమ్మకాయ పెడుతుందని నా అనుమానం.

తిరుగు బండిలో ఆమెకి కాళ్ళు నిలవలేదు. కాయితం కొంగున కట్టుకుని, ముడి మీద చెయ్యి తీయకుండా, పెట్టెలో ఉన్నవాళ్ళందరితో మాట్లాడింది. నేను నా వంతుగా యల్లమంద పోట్లాట మొదటి నుంచి చివరి దాకా వాళ్ళకి చెప్పాను, ఇద్దరి గొంతులతో, కోళ్ళతో సహా. తునిలో ఎక్కిన పెళ్ళివారు కొందరు రాజమండ్రి దాకా నవ్వారు. గోదావరి దాటాక అమీనా బీ మాత్రం నవ్వటం ఆపేసి నా వైపు చూడటం మొదలుపెట్టింది.

పొద్దుటి నుంచీ ఆలోచిస్తన్నానురా అంది. మూడు నెల్లకోసారి ఇట్టా ఎనిమిది రోజులు బట్టీ వదిలి పోతే ఎట్టా కుదురుద్ది? తాను లేని ఈ వారం రోజులూ అలివేలమ్మ రాయి ఎట్లా కాలుస్తోందో, ఎవరు వింటున్నారో అని ఒకటే బెంగట. సారు రాలేరు, ఆయనకి పాఠాలు. సున్నం పోలేదు, గోనెలో చస్తుంది, సీసాలో పెడితే దారిలో పగులుతుంది. రాళ్ళతో పాటు ఒక చెవి పోవాలి. ఆ చెవి తనదే అయి తీరాలని లేదట.

“ఒరేయ్ కాలేజీ, నీకు కుదురుగా కూకోవటం ఎట్టాగూ చేతగాదు. రాళ్ళు నువ్వు మోసుకెళ్ళు. ఆడ కాల్చు, ఆ గదిలో కూకోని ఇను, కాయితం పట్టుకురా.”

కాల్చటమంటే నేర్చుకుంటాను గానత్తా, వినటం నా వల్ల ఎట్లా అవుతుంది అన్నాను.

“ఎందుక్కాదు? కిటికీ ఇవతల పడుకుని యల్లమంద పోట్లాట ఒక్క మాట పొల్లుపోకుండా ఇన్నావు గదా. సున్నం ఆయనకంటే తక్కువే మాట్లాడుద్ది. ఊరికి పోయిన మర్నాడు పొద్దున్నే బట్టీ కాడికి రా. చెవులు కడుక్కుని రా.”